కాయగా కొన్నాం, కుళ్లాక పారేశాం

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే ఏడుపు, పండని పండ్లు. పండు అని డబ్బులిచ్చి తెచ్చుకుంటాం, ఇంటికొచ్చి చూస్తే కాయ, సరే పండుతుందిలే అని ఓ మూల పెడితే నాలుగు రోజులు రాయిలా కూర్చుని అయిదో రోజు పొద్దున్నే కింద నీరు కారుస్తూ కనిపిస్తుంది. మధ్యలో అది పండు అయిన రోజు ఏది, ఆ రోజు మనమెక్కడున్నాం? మామూలుగా నాలుగైదు విషయాలు కలిపి వేస్తాను గానీ ఈసారి పేజీలన్నీ దీనికే ఇచ్చేస్తున్నా, ఈ విషయంలో నాకూ కడుపుమంట బాగానే ఉంది కాబట్టి.

ప్రశ్న: అక్కా, వారం వారం అవకాడోలూ బేరిపండ్లూ కొంటున్నా. రోజూ లేవగానే మొహం కూడా కడుక్కోకుండా వెళ్లి నొక్కి చూస్తా. సోమవారం గట్టి, మంగళవారం గట్టి, బుధవారం ఇంకా గట్టి. గురువారం పని ఒత్తిడిలో చూడ్డం మర్చిపోయానా, శుక్రవారానికి అవకాడో లోపలంతా మచ్చలు, గోధుమరంగు నారలు, బేరిపండైతే పైకి నిగనిగలాడుతూనే ఉంది, కోస్తే మధ్యలో గుజ్జుగుజ్జు. నన్ను కాపు కాసి మరీ చేస్తున్నాయా ఇవి? తప్పు నాదా, అమ్మినవాళ్లదా? — వేళ్లు నొప్పెట్టిన చెల్లి

జవాబు: ముందు ఆ నొక్కుడు ఆపు తల్లీ. కాయ రాయిలా ఉన్నన్నాళ్లూ నొక్కితే పెద్ద నష్టం లేదు గానీ మెత్తబడటం మొదలయ్యాక బొటనవేలితో నొక్కిన ప్రతిచోటా లోపల గుజ్జు కమిలిపోతుంది, మర్నాటికి అక్కడే మచ్చ. నువ్వు చూసిన మచ్చల్లో సగం నీ వేలిముద్రలే అయ్యుండొచ్చు, మిగతా సగం షాపులో నీకన్నా ముందు నొక్కిపోయిన మహానుభావులవి. చూడాలనుకుంటే కాయ మొత్తాన్ని అరచేతిలో పెట్టుకుని, పక్షిపిల్లని పట్టుకున్నట్టు, చెయ్యి అంతటితో మెల్లిగా అదమాలి. వేలి కొనలు వాడకూడదు.

ఇంక తప్పు ఎవరిదంటావా. అవకాడో విషయంలో అమ్మినవాళ్లని తిట్టడానికి లేదు, ఎందుకంటే అది చెట్టు మీద పండదు. నిజంగానే. బాగా ముదిరాక కూడా కొమ్మకి నెలల తరబడి వేలాడుతుంది గానీ మెత్తబడదు, కోశాకే దానికి పండాలన్న బుద్ధి పుడుతుంది. కాబట్టి 'చెట్టున పండిన అవకాడో' అని ఎవరైనా అమ్మితే చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అన్న మాట ఉంది చూడు, అదే. బేరిపండు కథ ఇంకో రకం. అది చెట్టు మీద పండగలదు గానీ లోపల్నించి పండుకుంటూ బయటికొస్తుంది, పైన సరిగ్గా అయ్యేసరికి గింజల చుట్టూ పాడైపోయి ఉంటుంది, గుజ్జు కూడా పంటికింద ఇసకలా తగులుతుంది. అందుకని గట్టిగా ఉన్నప్పుడే కోసి చల్లటి గదిలో పెడతారు. ఆ చలి దానికి కావాలి కూడా, బార్ట్‌లెట్ రకానికి కొద్ది వారాల చలి చాలు, ఆంజూ రకానికైతే సుమారు రెండు నెలలు. ఆ చలికాలం గడిపాకే బయట పెడితే సరిగ్గా పండుతుంది. నీ చేతికొచ్చేటప్పటికి ఆ ఘట్టం దాదాపు అయిపోయే ఉంటుందిలే. నువ్వు చూడాల్సింది పొట్ట దగ్గర కాదు, మెడ దగ్గర, అంటే తొడిమ పక్కన. అక్కడ కొంచెం లొంగిందంటే ఆ రోజే తినెయ్, పొట్ట మెత్తబడేదాకా ఆగావంటే నువ్వు చెప్పిన గుజ్జే.

అన్నాళ్లూ ఏమీ లేకుండా ఒక్కరోజులో ఎలా అయిపోతుంది అంటే, ఇది నాకు అర్థమయ్యాక సగం కోపం పోయింది. పండే కాయ ఇథిలీన్ అని ఒక గ్యాస్ వదుల్తుంది, కంటికి కనపడదు. ఆ గ్యాసే పండమని కాయకి చెప్పే కబురు. తమాషా ఏంటంటే ఆ కబురు అందిన కాయ ఊరుకోదు, తనూ ఇంకాస్త గ్యాస్ తయారుచేస్తుంది, దాంతో ఇంకా పండుతుంది, ఇంకా గ్యాస్. పుకారు లేచినట్టే అనుకో. మొదటి మూడు రోజులు ఎవరికీ తెలీదు, నాలుగో రోజు వాడవాడంతా అదే మాట. 1920ల్లో ఇంగ్లండులో కిడ్, వెస్ట్ అనే ఇద్దరు ఆపిల్ పండ్ల ఊపిరి కొలుస్తూ ఇది పట్టుకున్నారు, అప్పటిదాకా నెమ్మదిగా శ్వాస తీసుకునే కాయ పండబోయే ముందు ఒక్కసారిగా ఎగశ్వాస పెడుతుందన్న మాట. ఆ ఎగశ్వాస మొదలయ్యాక మనం చెయ్యగలిగింది ఒక్కటే, చల్లబరచడం.

ఇక్కడ నా గొప్పతనం కూడా చెప్పాలి. ఓసారి ఇంటికి ఎనిమిది మంది వస్తున్నారని ఆరు అవకాడోలు తెచ్చి, టైముకి పండవేమోనన్న భయంతో ఆరింటినీ రెండు అరటిపండ్లతో కలిపి ఒకే కాగితం సంచిలో పెట్టి మూతి మడిచేశా. పండాయి, బ్రహ్మాండంగా, ఆరూ ఒకేసారి, వాళ్లు వచ్చే రెండు రోజుల ముందు. అప్పటికి నాకు ఫ్రిజ్ ఐడియా రాలేదు, పండిన అవకాడో ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు అలాగే ఆగుతుందని తర్వాతెప్పుడో తెలిసింది. మా ఆయన మూడు పూటలూ అవకాడో తిని ఇప్పటికీ ఆ కాయ పేరెత్తితే లేచి వెళ్లిపోతాడు.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఏంటంటే, అన్నీ ఒకే దశలో ఉన్నవి కొనకు. ఒకటి ఇవాళ తినేది, ఒకటి దోరగా ఉన్నది, రెండు రాళ్లు. మెత్తబడ్డది మెత్తబడ్డట్టే ఫ్రిజ్‌లోకి. రాయిలా ఉన్న అవకాడోని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకు, చలిలో రోజుల తరబడి ఉన్న కాయకే లోపల ఆ గోధుమరంగు నారలు వచ్చేది. నీది నువ్వు పెట్టావో, నీకన్నా ముందు ఎవరైనా ఎక్కువకాలం చలిలో పెట్టారో మనకి తెలిసే దారి లేదు.

ప్రశ్న: కాగితం సంచిలో ఆపిల్ వేసి పెడితే ఏ కాయైనా పండుతుందని అందరూ చెప్తున్నారండీ. నేను మూడుసార్లు చేశా, ఒకసారి ప్లాస్టిక్ కవర్లో, రెండుసార్లు కాగితంలో. ప్లాస్టిక్‌లో పెట్టినవి సారా కంపు కొట్టాయి, కాగితంలోవి కదలా మెదలా లేదు. ఇదంతా ఉత్త కబుర్లేనా? అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పండి. — ఆపిల్‌ని నమ్మి చెడ్డవాడు

జవాబు: ఒలిచి పెట్టాలంటే ముందు అది పండాలి కదండీ, అక్కడేగా మన గొడవ.

కబుర్లు కావు, నిజమే, కాకపోతే మీ ఆపిల్ మోసం చేసి ఉంటుంది. ఈ గ్యాస్ సంగతి లోకానికి తెలిసిన తీరే విచిత్రం. వెనకటికి వీధుల్లో బొగ్గు గ్యాస్ దీపాలుండేవి, పైపు లీకైన చోట పక్కనున్న చెట్లు వేళ కాని వేళ ఆకులు రాల్చేసేవి. 1901లో రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నెల్యుబోవ్ అనే ఆయన, తన ల్యాబ్‌లో బఠాణీ మొలకలు నిటారుగా పెరక్కుండా పక్కకి వాలి లావెక్కుతున్నాయేంటా అని వెతికి, దీపాల గ్యాస్‌లోని ఇథిలీనే దీనికి కారణమని తేల్చాడు. అమెరికాలో నిమ్మకాయల వ్యాపారులు పచ్చికాయల్ని కిరోసిన్ స్టవ్‌లు వెలిగించిన గదుల్లో పెట్టి పసుపురంగు తెప్పించేవాళ్లు, వేడివల్ల అనుకున్నారు, తీరా పొగ రాని హీటర్లు పెడితే కాయలు పచ్చగానే కూర్చున్నాయి. పని చేసింది వేడి కాదు, పొగలో ఉన్న ఇథిలీన్ అని 1924లో డెన్నీ అనే ఆయన తేల్చాడు. పండు తనంతట తనే ఈ గ్యాస్ తయారుచేస్తుందని రుజువైంది 1934లో, ఇంగ్లండులో గేన్ అనే ఆయన ఆపిల్స్ మీద పనిచేసి చూపించాడు. అంటే మీరు నమ్మిన ఆపిల్ చరిత్రలో కూడా హీరోయే.

మరి మీ ఇంట్లో ఎందుకు పడుకుంది అంటే, ఇప్పుడు చాలా ఆపిల్స్‌ని నెలల తరబడి దాచడానికి వన్ ఎంసీపీ అనే ఇంకో గ్యాస్ పట్టిస్తున్నారు. 1990ల్లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో కనిపెట్టారు దాన్ని. ఇథిలీన్ వచ్చి తలుపు తియ్యాల్సిన తాళంకప్పలో ముందే ఇంకో చెవి విరిగిపోయి ఇరుక్కుంటే ఎలా ఉంటుంది, అలా. కాయకి కబురే అందదు, అందకపోతే తనూ పెద్దగా గ్యాస్ వదలదు. పైగా చలిలోంచి అప్పుడే వచ్చిన ఆపిల్ మంచి నిద్రలో ఉంటుంది. అలాంటిదాన్ని మీరు సంచిలో వేసి ఇంకోదాన్ని లేపమంటే ఏం లేపుతుంది చెప్పండి. మచ్చలు పడుతున్న అరటిపండు వెయ్యండి, అది నమ్మకస్తురాలు.

ప్లాస్టిక్ ఎందుకు కంపు కొట్టిందంటే, కాయ ఊపిరి పీలుస్తుంది అన్నాను కదా, మూతి కట్టేసిన కవర్లో ఆక్సిజన్ అయిపోతుంది. ఆక్సిజన్ లేకపోతే పండటం ఆగిపోయి పులియడం మొదలవుతుంది, మీకొచ్చిన సారా వాసన అదే. దాని ఒంట్లోంచి వచ్చిన నీరు బయటికి పోలేక లోపలే బొట్లు కట్టి బూజు పట్టిస్తుంది. కాగితం సంచి అయితే గ్యాస్‌ని కాస్త ఆపుతుంది, గాలినీ తేమనీ మాత్రం పోనిస్తుంది. మూతి రెండు మడతలు వేస్తే చాలు, టేపులు అవీ వద్దు. రోజుకోసారి తెరిచి చూడండి, సంచిలో పెట్టి మర్చిపోవడమంత ప్రమాదం ఇంకోటి లేదు. కివీకైతే ఈ సంచి వైద్యం మహా బాగా పనిచేస్తుంది, ఇథిలీన్ వాసన తగిలినా చాలు దానికి, పోట్లగిత్తలా ఉన్నవి కూడా కొద్ది రోజుల్లో లొంగుతాయి. అందుకే గట్టి కివీలు దాచుకోవాలనుకుంటే మాత్రం అరటిపండ్ల దరిదాపుల్లో ఉంచకండి.

ప్రశ్న: పైనాపిల్ కొన్నాను, పుల్లగా ఉందని రెండోది తలకిందులుగా నిలబెట్టి వారం ఉంచాను, తియ్యదనం అంతా కిందకి దిగుతుందన్నారు. స్ట్రాబెర్రీలు కూడా తెల్లగా ఉంటే ఎర్రబడేదాకా ఆగాను. ఎర్రబడ్డాయి గానీ పులుపు అలాగే ఉంది. ఇంకెన్నాళ్లు ఆగాలి?

జవాబు: ఆగకండి, అవి మారవు.

పండ్లలో రెండు జాతులు. కొన్ని కోశాక కూడా పండుతాయి, అరటి, మామిడి, అవకాడో, బేరి, పీచ్, కివీ, సపోటా, జామ, టమాటా ఇలాంటివి. కొన్ని కోసిన నిమిషాన ఎలా ఉన్నాయో అంతే, ద్రాక్ష, కమలా, నిమ్మ, దానిమ్మ, చెర్రీ, స్ట్రాబెర్రీ, లిచీ, పుచ్చకాయ, మీ పైనాపిల్. అరటికాయలో పచ్చిగా ఉన్నప్పుడు గుజ్జులో ఇంచుమించు అయిదో వంతు పిండి ఉంటుంది, పండేటప్పుడు అది చక్కెరగా మారి చివరికి నూటికి ఒకటి రెండు పాళ్లు మిగుల్తుంది. అంటే ఇంట్లో బియ్యం ఉంది, పొయ్యి వెలిగిస్తే అన్నం అవుతుంది. పైనాపిల్ కాయలో అలాంటి నిల్వ లేదు, తియ్యదనం అంతా మొక్క నుంచి రావాలి, మొక్క నుంచి కోసేశాక ఎక్కణ్ణించి వస్తుంది? తలకిందులుగా పెడితే లేని చక్కెర కిందకి దిగదు కదా. వారం ఉంచితే పైన రంగు తిరుగుతుంది, వాసన కాస్త పెరుగుతుంది, దాంతో మనకి తియ్యబడిందనే భ్రమ. స్ట్రాబెర్రీ కూడా అంతే, మొహానికి రంగేసుకుంది తప్ప గుణం మారలేదు.

కొన్ని ఈ రెండిటి మధ్య ఊగుతుంటాయి, వాటితోనే అసలు తలనొప్పి. కర్బూజ కోశాక మెత్తబడుతుంది, ఘుమఘుమలాడుతుంది కూడా, తియ్యదనం మాత్రం పెరగదు, దాన్లోనూ దాచుకున్న పిండి లేదు. బొప్పాయీ దాదాపు ఆ బాపతే. పూర్తి పచ్చగా కోసేసిన బొప్పాయి ఇంట్లో నారింజరంగులోకి వచ్చినా చప్పగా ఏడుస్తుంది, అందుకే కొనేటప్పుడే తొక్క మీద ఒక పసుపుచార అయినా కనబడాలి. పుచ్చకాయని అయితే పండే పండ్ల పక్కన పెట్టడం కూడా వద్దు, ఆ గ్యాస్ తగిలితే లోపల కండ పిండిపిండిగా అయిపోతుంది.

ప్రశ్న: మేడమ్, పచ్చి అరటిగెల కొన్నాం. మా ఆవిడ సగం ఫ్రిజ్‌లో పెట్టింది, అవి బూడిదరంగు తిరిగి పండకుండా అలాగే ఉండిపోయాయి. నేను సగం వంటింట్లో పైన అటక మీద పెట్టాను, మంచి ఎండాకాలం, అవి పచ్చగానే ఉన్నాయి కదా అని ఊరుకుంటే తీరా ఒలిస్తే లోపల పేస్టు. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ పాడుచేశారో తేల్చండి, ఇంట్లో పందెం నడుస్తోంది.

జవాబు: మీ ఆవిడే గెలిచారు, అంటే ఎక్కువ పాడుచేసింది ఆవిడే. మీ పండ్లు కనీసం పండాయి.

అరటికి 13 డిగ్రీల కన్నా కిందకి వెళ్తే జలుబు చేస్తుంది. జలుబు చేసిన కాయ తొక్కలో రంగు చచ్చిపోయి బూడిదగా మారుతుంది, తర్వాత బయటికి తీసి బతిమాలినా సరిగ్గా పండదు. ఓడల్లో దేశాలు దాటించేటప్పుడు కూడా 13, 14 డిగ్రీల దగ్గరే ఉంచుతారు, అక్కణ్ణించి మాగబెట్టే గదుల్లోకి తెచ్చి 15 నుంచి 18 డిగ్రీల మధ్య, తేమ బాగా ఉంచి, గాలిలో పది లక్షల పాళ్లకి ఓ 100, 150 పాళ్లు ఇథిలీన్ పట్టిస్తారు. ఒకటి రెండు రోజులు గ్యాస్ పట్టిస్తే చాలు, ఆ తర్వాత కాయలే చూసుకుంటాయి. మనం షాపులో చూసే గెలలన్నీ ఒకే పసుపులో ఉండేది అందుకే.

మీ అటక సంగతి ఏంటంటే, ఇప్పుడు ఎక్కువగా దొరికే కావెండిష్ రకం అరటికి వేడి 24 డిగ్రీలు దాటితే లోపల గుజ్జు మెత్తబడుతూ పోతుంది గానీ తొక్కలో పచ్చదనం విరగదు. పచ్చిగా ఉందనుకుని మీరు ఎదురుచూశారు, అది అప్పటికే పండి మీకోసం ఎదురుచూసింది. ఎండాకాలంలో అరటికి రంగు చూడకండి, పట్టుకు చూడండి. ఇంకోటి, పూర్తిగా పండిన అరటిపండు ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడి భయపెడుతుంది గానీ లోపల కొన్నాళ్లు బానే ఉంటుంది. ఈ ముక్క మీ ఆవిడకి చెప్పండి, పందెంలో కొంత ఊరట.

ప్రశ్న: మా అత్తగారు కిటికీలో ఎండ తగిలేలా పెడితేనే పండుతాయంటారు. నేను చీకటి అల్మరా అంటాను. ఎవరిది రైటు?

జవాబు: కాయ పండటానికి వెలుగు అక్కర్లేదమ్మా, కాబట్టి నీదే రైటు, కానీ ఈ పేజీ ఆవిడకి చూపించకు. ఎండ పడిన వైపు ఉడికినట్టయి రెండో వైపు పచ్చిగా ఉంటుంది. టమాటాకైతే 30 డిగ్రీలు దాటాక ఆ ఎరుపు తెచ్చే పదార్థమే సరిగ్గా తయారవదు, పసుపూ నారింజా కాని రంగులో ఆగిపోతుంది. అయితే అత్తగారి మాటలోనూ కొంత ఉంది, చల్లటి మూల కన్నా కాస్త వెచ్చగా ఉన్న చోటు మేలు. ఎండ నేరుగా పడని వెచ్చటి చోటు చూసి పెట్టి ఇద్దరూ గెలవండి.

ప్రశ్న: పీచ్ పండ్లు, నెక్టరిన్లు. చూడ్డానికి బొమ్మల్లా ఉన్నాయి. మెత్తబడ్డాయి కూడా. కొరికితే రసం లేదు, తడిపిన దూది నమిలినట్టుంది. నాలుగుసార్లు, నాలుగు వేర్వేరు షాపులు. నేనేం పాపం చేశాను?

జవాబు: ఏ పాపమూ చెయ్యలేదు, లేదా ఫ్రిజ్‌లో పెట్టడమే పాపం. పీచ్‌కి 2 నుంచి 8 డిగ్రీల మధ్య చలి బద్ధశత్రువు, సున్నా దగ్గర పెట్టినా అంత చెడిపోదు, వెచ్చగా ఉంచినా బానే పండుతుంది, సరిగ్గా మన ఇళ్లల్లో ఫ్రిజ్ ఉండే చలి దగ్గరే చెడుతుంది. కండలో కణాల్ని పట్టి ఉంచే పెక్టిన్ అనే జిగురు పండేటప్పుడు మెల్లిగా కరగాలి, ఆ చలిలో అది సగం సగం కరిగి రసాన్నంతా తనే పట్టేసుకుంటుంది. రసం ఉంది లోపల, మన నోటికి రాదు. పళ్లు పిండి పిండిగా తగిలేది అందుకే. గట్టి పీచ్‌ని బయటే పండనిచ్చి, తొడిమ దగ్గర వాసన రాగానే తినాలి, మరీ మిగిలిపోతే అప్పుడు ఫ్రిజ్, అదీ ఒకటి రెండు రోజులు. మీ నాలుగు షాపుల్లో దారిలోనే ఆ చలి తగిలి ఉంటే మాత్రం ఇంట్లో ఏం చేసినా బాగుపడదు, దాన్ని ఉడికించుకోవడమే. ఎప్పుడూ ఒకేసారి కేజీలు కొనకుండా ఒక్కటి కొని కొరికి చూసి తర్వాత మిగతావి కొనండి, కొంచెం సిగ్గుగా ఉంటుంది గానీ నేను అలాగే చేస్తా.

ప్రశ్న: మామిడికాయలు మాగబెడితే పండకుండా ముడతలు పడిపోతున్నాయి, కోస్తే తెల్లగా, పుల్లగా. ఏదో పొడి పొట్లం పెడితే రెండు రోజుల్లో పండుతాయట కదా, ఇంట్లో వాడొచ్చా?

జవాబు: పొడి మాట మళ్లీ ఎత్తొద్దు. మీరు విన్నది కాల్షియం కార్బైడ్ అయ్యుంటుంది, తేమ తగిలితే ఎసిటిలీన్ వదుల్తుంది, వెల్డింగ్‌కి వాడే గ్యాసే. ఇథిలీన్‌కి దూరపు చుట్టం కాబట్టి పండు దాని మాటా కొంత వింటుంది, కాకపోతే చాలా బలహీనం, తొక్కకి రంగొచ్చి లోపల పుల్లగానే ఉంటుంది. బజార్లో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ లాంటివి కలిసి ఉంటాయి, చాలా దేశాల్లో పండ్లకి వాడటం నిషేధం. పైగా ఆ గ్యాస్‌కి నిప్పు తగిలితే అంటుకుంటుంది. వంటింట్లో పెట్టుకునే వస్తువేనా?

ముడతలు పడ్డాయి, లోపల తెల్లగా ఉంది అంటే మీ కాయలు ముదరకముందే కోసేసినవి. లేత కాయని ఎంత మాగబెట్టినా పండదు, వడలిపోతుంది, అంతే తేడా. మనవాళ్లు పని అయిందా లేదా అని అడగడానికి కాయా పండా అంటారు గానీ ఇక్కడ జవాబు కోసిన రోజే రాసి ఉంటుంది. కొనేటప్పుడు తొడిమ దగ్గర భుజాలు చూడండి. లేత కాయకి తొడిమ దగ్గర్నించి భుజాలు కిందకి జారి ఉంటాయి, ముదిరిన కాయకి అక్కడ బాగా నిండి, తొడిమ గుంటలో కూర్చున్నట్టు పైకి లేచి ఉంటాయి. బుగ్గలు కూడా నిండుగా ఉండాలి. ఎరుపు చూసి మోసపోకండి, ఎరుపు ఎండ తగిలిన వైపు వస్తుంది, కొన్ని రకాలకి పుట్టుకతోనే ఉంటుంది, దానికీ పండటానికీ సంబంధం లేదు. ముదిరిన కాయ దొరికితే కాగితంలో చుట్టి గాలాడే చోట ఒక వరసలో పెట్టండి, ఒకదాని మీద ఒకటి పోయొద్దు, 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే చక్కగా పండుతుంది. తెచ్చిన రోజే కడిగి తడిగా పెట్టకండి, తినేముందు కడుక్కోండి. గట్టిగా ఉన్నప్పుడు ఫ్రిజ్ దీనికీ పడదు.

ప్రశ్న: మైక్రోవేవ్‌లో ఒక నిమిషం?

జవాబు: మెత్తబడుతుంది. పండదు. వేడి అవకాడో తిన్నారా ఎప్పుడైనా? తినకండి.

ప్రశ్న: పండిందనుకుని అవకాడో కోసేశాను, లోపల సబ్బుబిళ్లలా ఉంది. ఇప్పుడేం చెయ్యాలి, అతికించి పెడితే పండుతుందా?

జవాబు: అందరం చేసిన పనే. కోసిన ముఖాలకి నిమ్మరసం రాసి, గింజ మళ్లీ లోపల పెట్టి, రెండు చెక్కలూ కలిపి గాలి చొరకుండా గట్టిగా చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. కోసిన పండుని బయట రోజుల తరబడి వదిలేస్తే క్రిములు చేరతాయి, ఫ్రిజ్‌లో పెడితేనేమో పండటం నత్తనడక, ముందు నుయ్యి వెనక గొయ్యి. నాలుగు రోజులకి కొంచెం మెత్తబడొచ్చు, రుచి మాత్రం మామూలుగా పండినంత రాదు. మరీ గట్టిగా ఉంటే సన్నగా తురుముకుని ఉప్పూ నిమ్మరసం కలిపేసుకోవడమే మంచిది.

ఈసారి నించి కోసేముందు తొడిమ దగ్గరున్న చిన్న బొడిపెని గోటితో కదపండి. అది సులువుగా ఊడొచ్చి కింద లేతపచ్చగా కనిపిస్తే కోసుకోవచ్చు, గోధుమరంగు కనిపిస్తే ఆలస్యం అయినట్టు, అసలు ఊడకపోతే కాయని మళ్లీ బుట్టలో పెట్టెయ్యండి. ఈ పరీక్ష మీ ఇంట్లో మీ కాయకి చెయ్యండి, షాపులో వద్దు. బొడిపె పీకేసిన చోటినించే గాలీ బూజూ దూరతాయి, అది మీరు కొనకుండా వదిలేసి వస్తారు, సాయంత్రం నాలాంటిది ఎవరో కొనుక్కుపోతారు.